తడి ముప్పై మూడు

3, మంగళవారం

వాడు కూడా అక్కడే పడాలి. ఆ రోలరు ముందే, తమ్ముడు పడ్డ ఆ గచ్చు మీదే. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు. ఈ డైరీ కొన్నది ఆ ఒక్క మాట రాసుకోవడానికే. ఎవరితోనైనా అంటే "ఊరుకో, తప్పు" అంటారు. కాగితం అనదు.

ఈరోజు మళ్లీ పనిలోకి వెళ్లాను. లాండ్రీలో ఏమీ మారలేదు. ఒకవైపు ఆసుపత్రి దుప్పట్ల గుట్ట, ఒకవైపు హోటలు దుప్పట్ల గుట్ట, మధ్యలో ఆవిరి కక్కుతూ, తడి దుప్పట్లని ఆరబెట్టి ఇస్త్రీ చేసే రోలరు. తమ్ముడి చోట ఎవరో కొత్తవాడు నిలబడి తడి దుప్పట్లు లోపలికి అందిస్తున్నాడు. అవతలివైపు మడత బల్ల దగ్గర నా చోటు ఖాళీగానే ఉంచారు. చిరుగులు కుట్టే వదిన నన్ను చూసి, సూది పట్టుకున్న చేత్తోనే కళ్లు తుడుచుకుంది.

సూపర్‌వైజరు వచ్చాడు. వెనకాల మేమంతా వాడిని ఇస్త్రీ అంటాం. హాలంతా ఉడికిపోతున్నా వాడి చొక్కా మీద ఒక్క ముడత ఉండదు. గాజు గదిలో ఏసీ కింద కూర్చుంటే ఎందుకుంటుంది.

"వచ్చావా అమ్మా," అన్నాడు. "తమ్ముడెలా ఉన్నాడు? జరిగినదానికి మేమంతా ఎంత బాధపడ్డామో. పడగానే వెంటనే ఎత్తించాం, ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. పాపం, ఖాళీ కడుపుతో వచ్చినట్టున్నాడు."

ఖాళీ కడుపట. ఆ పొద్దున అమ్మ దగ్గర కూర్చుని, వద్దంటున్నా వడ్డించి మరీ పంపింది.

"ఓనరుగారు ఒక మాటన్నారు," అన్నాడు మళ్లీ. "ఇకనుంచి తడి థర్మామీటరు నువ్వే చూసుకోవాలట. నీకంటే జాగ్రత్తగా చూసేవాళ్లు ఎవరుంటారు చెప్పు."

ఏం తెలివి. పడ్డవాడి అక్కే చూస్తోందంటే ఇక ఎవరు నోరెత్తుతారు. నేను తల ఊపి, "సరే సార్" అన్నాను. నోట్లో నాలుక లేనిదాన్ని అనుకుని ఉంటాడు. అనుకోనీ.

బోర్డు ఎలా చూడాలో వాడే దగ్గరుండి నేర్పాడు. పనికొస్తుంది, రాసి పెట్టుకుంటున్నాను. రోలరు పక్క స్తంభానికి తగిలించిన చెక్క మీద రెండు థర్మామీటర్లు. ఒకటి ఉట్టిది, గాలి ఎంత వేడిగా ఉందో చెబుతుంది, దాన్ని పొడి అంటారు. రెండోదాని కింది బుడ్డికి నూలుగుడ్డతో చిన్న సాక్సు తొడిగి, దాని కొసను నీళ్ల గిన్నెలో వదులుతారు. అది తడి. గుడ్డలో నీళ్లు ఆరుతున్నకొద్దీ అది చల్లబడి తక్కువ చూపిస్తుంది. గాలిలో చెమ్మ ఎక్కువైతే గుడ్డ ఆరదు, అప్పుడు తడి పైకెక్కి పొడికి దగ్గరవుతుంది. గుడ్డ ఆరని గాలిలో మనిషి చెమటా ఆరదు. ఆరని చెమట ఎంత కారినా ఒళ్లు చల్లబడదు, లోపలే ఉడుకుతుంది. అందుకని తడి ముప్పై దాటితే గంట కొట్టాలి, రోలరు ఆపాలి, అందరూ పెరట్లోకి వెళ్లి నీళ్లు తాగి కూర్చోవాలి. ఇది లాండ్రీ రూలు.

తమ్ముడు పడిన రోజు తడి ఇరవై ఏడే ఉందట. ఇస్త్రీయే చెప్పాడు, బోర్డు మీద వేలు పెట్టి మరీ.


4, బుధవారం

మొదటిరోజే పరువు పోయింది.

పాత సాక్సు నల్లగా జిడ్డు పట్టి ఉందని తీసేశాను. హోటలువాళ్ల దిండు గలీబు ఒకటి చిరిగినది ఉంటే, దాని అంచు కత్తిరించి, బుల్లి సాక్సు కుట్టి తొడిగాను. తెల్లగా, ముచ్చటగా ఉంది. కాసేపాగి చూస్తే పొడి ముప్పై ఆరు, తడీ ముప్పై ఆరే. గంట తీసుకుని వాయించేశాను. రోలరు ఆగింది. ఉతికే యంత్రాల దగ్గరివాళ్లు కూడా చేతుల్లో పనులు పారేసి పెరట్లోకి పరుగెత్తారు.

ఇస్త్రీ గాజు గదిలోంచి వచ్చి బోర్డు చూశాడు. "ముప్పై ఆరుకి ముప్పై ఆరా? ఇంకేం, గాలంతా నీళ్లే. వల తెచ్చుకోండమ్మా, చేపలు పడదాం." అందరూ నవ్వారు. నిన్న కళ్లు తుడుచుకున్న వదిన కూడా నవ్వింది.

బాయిలరు చూసే బాబాయి ఒక్కడే నవ్వలేదు. వచ్చి గుడ్డను రెండు వేళ్లతో నలిపి చూశాడు. "గంజి గుడ్డమ్మా ఇది. నీళ్లు పైకి పీల్చదు. కొస తడిసింది గానీ బుడ్డి దగ్గర ఎండుగానే ఉంది చూడు. లాండ్రీవాళ్లం కదా, మన దగ్గర గంజి పట్టని గుడ్డ ఎక్కడ దొరుకుతుంది. ముందు ఉడకబెట్టి గంజి వదలగొట్టు."

ఉడకబెట్టాను, పిండి తొడిగాను. తడి ఇరవై తొమ్మిది.


5, గురువారం

బాబాయికి టీ తీసుకెళ్లాను, గంజి సంగతి చెప్పినందుకు. తాగేసి కూడా గ్లాసు కింద పెట్టకుండా చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు.

"ఆ రోజు బోర్డు స్తంభానికి లేదమ్మా," అన్నాడు చివరికి. "తలుపు పక్కన మేకుకుంది. బయటి గాలి కొట్టేచోట."

"ఎవరు మార్చారు?"

"ఎవరు మారుస్తారు, గాజు గదిలో ఆయన తప్ప. అంతటితో ఆగలేదు. మంచినీళ్ల కూలరులోంచి సీసా నింపుకొచ్చి ఆ గిన్నెలో పోయడం నేను కళ్లారా చూశాను. చల్లటి నీళ్లు పీల్చిన గుడ్డ తక్కువ చూపించక ఏం చూపిస్తుంది? అవి వేడెక్కగానే మళ్లీ వచ్చి పోసేవాడు. వాళ్లు చెప్పే ఇరవై ఏడు అదీ."

"మరి ఎవరికీ చెప్పలేదేం బాబాయ్?"

గ్లాసు కింద పెట్టేశాడు. "ఈ వయసులో నన్ను ఇంకెవడు పనిలో పెట్టుకుంటాడమ్మా."

తర్వాత కుట్లు వేసే వదినను పట్టుకున్నాను. ఆవిడ గదిలో ఎవరూ లేకుండా చూసి అడిగాను. ముందు ఏమీ తెలియదంది. ఆ తర్వాత అంతా కక్కేసింది. తమ్ముడు కళ్లు తిరుగుతున్నాయని చెప్పాడట. "ఇరవై ఏడే ఉంది, నీకేంట్రా" అన్నాడట వాడు. పడ్డాక కూడా, "నాటకాలు, లేస్తాడులే, ముందు ఆ ట్రాలీ కానివ్వండి" అన్నాడట. ట్రాలీలో దుప్పట్లన్నీ అయ్యేదాకా రోలరు తిరుగుతూనే ఉందట. నా తమ్ముడు దాని కాళ్ల దగ్గర పడి ఉన్నాడు.

వెంటనే ఎత్తించారట.

ఆ రోజు నేను అమ్మను కళ్ల డాక్టరుకు చూపించడానికి వెళ్లాను. నేనుంటే రోలరునే పీకి పారేసేదాన్ని.

బాబాయి మీదా వదిన మీదా కోపం తెచ్చుకోను. ఉన్న కోపమంతా ఒకచోట పోగు చేయాలి. తలా కాస్తా పంచితే వాడికి తక్కువవుతుంది.


6, శుక్రవారం

పొడి 35. తడి 28. వాడి చొక్కా మీద ముడతలు 0.


8, ఆదివారం

తమ్ముడికి దువ్వెన పేరు గుర్తు రాలేదు. "అక్కా, అదీ... తలకి... గీసుకుంటామే," అన్నాడు. అమ్మ నవ్వుతూ అందించింది, వాడూ నవ్వాడు. వీడి నోటికి తాళం వేయగలిగినవాళ్లు లేరు ఒకప్పుడు. రోలరు హోరులో కూడా వీడు వేసే జోకులు అవతల మడత బల్ల దాకా వినపడేవి. ఇప్పుడు చెయ్యి వణుకుతుంది, గ్లాసు సగమే నింపి ఇస్తాం. ఎండ పొడ తగిలితే తల తిరుగుతుంది. రోజంతా తడి తువ్వాలు భుజాన వేసుకుని ఫ్యాను ముందు కూర్చుంటాడు. డాక్టరు మెల్లగా తగ్గుతుందంటాడు. మెల్లగా అంటే ఎంతో చెప్పడు.

బోర్డు మేకు సంగతి, కూలరు నీళ్ల సంగతి వాడికి చెప్పేశాను. శ్రద్ధగా విన్నాడు.

"అయితే ఖాళీ కడుపు కాదన్నమాట."

"కాదురా."

"నేను తిన్నానా ఆ రోజు?"

"తిన్నావు. అమ్మ పెట్టింది."

హమ్మయ్య అన్నట్టు వెనక్కి వాలాడు. అంతే. కోపం రావడం లేదట్రా అంటే, "దేనికొస్తుందక్కా, నాకా రోజే గుర్తులేదు" అన్నాడు.

వాడి వంతు కోపం కూడా నేనే పడాలి కాబోలు. పడతాను. నా దగ్గర చోటుంది.

అమ్మ వంటింట్లోంచి, "ఆయన సంగతి పైవాడు చూసుకుంటాడు, నువ్వు నీ పని చూసుకోవే" అంది. పైవాడికి లోకమంతా పనులే. తీరిగ్గా ఉన్నదాన్ని నేనే.


10, మంగళవారం

సాయంత్రం పని ముగిసి అందరూ చేతులు కడుక్కుంటుంటే నేను వెనక ఉండిపోయాను. గిన్నెలో నీళ్లు పారబోసి కూలరు నీళ్లు పోశాను. ఇరవై తొమ్మిది నుంచి తడి అలా అలా జారి ఇరవై అయిదుకు దిగింది. చూస్తుండగానే. మంచి మర్యాదస్తుడైన పనివాడు చెప్పినట్టల్లా వింటున్నట్టు దిగింది.

మళ్లీ మామూలు నీళ్లు పోసి, అది ఇరవై తొమ్మిదికి వచ్చేదాకా నిలబడే ఉన్నాను.

ఇంత సులువైన పని చేసి నా తమ్ముణ్ణి పడేశాడు.

ఇక నా సంగతి. వాడు రోలరు ముందు నిలబడాలి. ఎప్పుడు నిలబడతాడు? మనుషులు లేనప్పుడు. మనుషులు ఎప్పుడూ మానేస్తూనే ఉన్నారు, ఏదో ఒకరోజు ఆ అవసరం పడుతుంది. ఆ రోజు నేను చెప్పే అంకె వాడు నమ్మాలి. చేతివాటం తెలిసినవాడు ఊరికే నమ్మడు. కాబట్టి అంతదాకా నా నోట ఒక్క అబద్ధం రాకూడదు. ఒక్క డిగ్రీ కూడా.


13, శుక్రవారం

తడి 31. గంట కొట్టాను.

"ముప్పైకీ ముప్పై ఒకటికీ అంత తేడా ఏముందమ్మా," అన్నాడు.

"రూలు సార్. మీరే నేర్పారు."

పళ్లు కొరుక్కుంటూ వెళ్లిపోయాడు. ఈ వారమంతా ఇదే తంతు. మొదట్లో వాడే వచ్చి బోర్డు చూసేవాడు, గిన్నెలో వేలు ముంచి చూసేవాడు, సాక్సు లాగి చూసేవాడు. అన్నీ ఉండాల్సినట్టే ఉండేవి. రెండు రోజులుగా రావడం మానేశాడు. గాజు తలుపు సగం తెరిచి "ఎంతమ్మా?" అంటాడు, నేను చెబుతాను, తలుపు మూసేస్తాడు.

అందరూ నన్ను గంటమ్మ అంటున్నారు. పెరట్లో నీళ్లు తాగుతూ కుట్లు వేసే వదిన నా భుజం తట్టింది. "నువ్వు బోర్డు పట్టాక ఒక్కరికీ కళ్లు తిరగలేదు చూడు. అంతా నీ పుణ్యం." పుణ్యం కాదు వదినా, ఎర. పైకి మాత్రం, "నాదేముంది, రూలు" అన్నాను.


15, ఆదివారం

వాడు మా ఇంటికొచ్చాడు.

పళ్లు పట్టుకుని, అదే చొక్కా, అదే చక్కదనం. చెప్పులు గుమ్మం దగ్గర ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా విడిచాడు. తమ్ముడు లేవబోతే, "కూర్చోరా, కూర్చో" అన్నాడు. అమ్మ టీ పెట్టింది. ఊరుకుంటుందా, ఫ్యాను కూడా వాడి వైపు తిప్పింది. తమ్ముడి ఫ్యాను.

"మీ అక్క ఇప్పుడు మా లాండ్రీకి పెద్ద దిక్కురా. ఆవిడ ఒక అంకె చెప్పిందంటే నేను లేచి చూడను కూడా."

"చిన్నప్పట్నుంచీ అంతే సార్. నేను డబ్బాలోంచి ఏది తీసుకుతిన్నా పోయి అమ్మకి చెప్పేసేది. దొంగతనానికి పనికిరాదు మా అక్క."

ఇద్దరూ నవ్వుకున్నారు.

"నువ్వు పడగానే వెంటనే ఎత్తించాంరా. గుర్తుందా?"

"గుర్తులేదు సార్. చాలా థాంక్స్ సార్."

థాంక్స్. నా రెండు చెవులతో విన్నాను. లేచి వంటింట్లోకి పోయి గోడకేసి నిలబడ్డాను. కళ్లలో కారం కొట్టినట్టుంది.

వాడు వెళ్లాక, తాగిన గ్లాసు రెండుసార్లు తోమాను. "ఇంటికొచ్చిన మనిషి, మర్యాద ఉండక్కర్లేదూ" అంది అమ్మ. ఉంది కదమ్మా, అందుకే పగలగొట్టకుండా తోముతున్నాను.

తమ్ముడు ఫ్యాను మళ్లీ తనవైపు తిప్పుకుంటూ, "అక్కా, ఆయన ఊరికే రాలేదు. భయమేసి వచ్చాడు. కళ్ల కింద చూశావా, నల్లగా? నిద్ర పట్టడం లేదు ఆయనకి" అన్నాడు.

నేను చూడలేదు. చూడను కూడా. నిద్ర పట్టకపోతే లేచి వాడి చొక్కాలు వాడు ఇస్త్రీ చేసుకోమను.


17, మంగళవారం

పొడి 36. తడి 30. గోడ మీద పిల్లిలా సరిగ్గా ముప్పై మీద. గంట కొట్టలేదు. దాటితేనే కదా రూలు. వాడు అడిగాడు, చెప్పాను, తలుపు మూశాడు.


19, గురువారం

మబ్బు కమ్మి కూర్చుంది. కురవదు, తొలగదు. ఊపిరి పీలిస్తే తడిబట్ట ముక్కుకి చుట్టినట్టుంది. గంట మీద గంట కొట్టాను. కొత్తవాడు పొద్దున్నే చెప్పాపెట్టకుండా మానేశాడు. రోలరు మీద పనిచేసే రెండో మనిషికి జ్వరం. కొత్త హోటలు ఒకటి ఆదివారం తెరుస్తున్నారట, వాళ్ల దుప్పట్లు, గలీబులు అన్నీ శనివారం సాయంత్రానికి అందించాలి. ఓనరు ఫోనులో అరవడం గాజులోంచి కూడా వినపడింది.

ఫోను పెట్టేసి వాడు బయటికొచ్చి అందరి మధ్యలో నిలబడ్డాడు. "ఏం పర్లేదు. రోలరు మీద నేను నిలబడతాను. నేనూ ఒకప్పుడు రోలరువాణ్ణే, మర్చిపోయారేమో."

మర్చిపోవడం కాదు, నాకు అసలు తెలియదు. బాయిలరు బాబాయిని అడిగితే అవునన్నాడు. మణికట్టు మీద కాలిన మచ్చ కూడా ఉందట, పొడుగు చేతుల చొక్కా అందుకేనట.

తెలిస్తే మాత్రం ఏం మారుతుంది. రోలరు మీద నిలబడ్డవాడికి ఆ వేడి తెలుసు. తెలిసి చేశాడు. ఇది ఇంకా పెద్ద తప్పు.


20, శుక్రవారం

సీసా కడిగి పెట్టుకున్నాను. రేపు.


21, శనివారం

సీసా నీళ్లు గిన్నెలో పోయలేదు. ఆ మాట ముందు రాస్తున్నాను. కూలరు దగ్గర నింపి, స్తంభం దాకా తీసుకెళ్లి, అక్కడ నేనే తాగేశాను.

తడి ముప్పై మూడు. ఉన్నదున్నట్టు చెప్పాను. గంట కొట్టాను. వినలేదు. పడ్డాడు. నేను వెంటనే పరుగెత్తాను. వెంటనే. ఆసుపత్రిలో ఉన్నాడు, బతికే ఉన్నాడు.

ఇంక రాయలేను.


22, ఆదివారం

నిన్నటిది వరసలో లేదు. మళ్లీ రాస్తాను.

మధ్యాహ్నానికి పొడి ముప్పై ఏడు, తడి ముప్పై మూడు. నేను బోర్డు పట్టాక ఎప్పుడూ చూడని అంకె. సీసా చేతిలో ఉంది. పోస్తే ఇరవై తొమ్మిది అని చెప్పొచ్చు. ఇన్నాళ్లూ దీనికోసమే గోతికాడ నక్కలా కాచుకున్నాను. చెయ్యి గిన్నె దాకా వెళ్లింది. ఎందుకు తాగేశానో నాకిప్పటికీ తెలియదు. బహుశా దాహమేసింది. మంచితనం మాత్రం కాదు.

గంట కొట్టాను. అందరూ పెరట్లోకి వెళ్లారు. ఆయన కదల్లేదు.

"ముప్పై మూడు సార్."

వెనక్కి తిరిగి చూశాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది, చేతులు మోచేతుల దాకా మడిచాడు. చొక్కా నిండా ముడతలే. "నిజంగానే?"

"నిజంగానే సార్."

"నువ్వు అబద్ధం చెప్పవులే." చొక్కా కొసతో మొహం తుడుచుకున్నాడు. తుడిచిన చోటే మళ్లీ కారింది. "ఈ ఒక్క ట్రాలీ. సాయంత్రం హోటలు బండి వచ్చేస్తుంది. పెరట్లో ఉన్నవాళ్లని లోపలికి పిలవకు, పాపం. నువ్వు అవతల అందుకుంటే చాలు, ఇద్దరం లాగించేద్దాం."

నేను తువ్వాలు తడిపి తలకి చుట్టుకుని అవతలివైపు వెళ్లాను. అబద్ధమే అక్కర్లేకపోయింది. నిజం చెప్పినా నిలబడ్డాడు.

రోలరు మనిషెత్తు. ఇవతల నిలబడ్డవాళ్లకి అవతలి మనిషి కనపడడు. దుప్పటి వస్తోందంటే మనిషున్నట్టు. ఒకటి వచ్చింది, మడిచాను. ఇంకోటి వచ్చింది, మడిచాను. అలా కొన్ని వచ్చాయి. ఆ తర్వాతది వంకరగా వచ్చింది. దాని వెనక ఏమీ రాలేదు. ఏదో బరువైనది పడ్డ చప్పుడైంది.

వెంటనే చుట్టు తిరిగి వెళ్లాను. రోలరు ఆపాను. గంట కొట్టి అరిచాను. బాబాయి వచ్చాడు, వదిన వచ్చింది. ఆయన ఒళ్లు నిప్పులా ఉంది. నీడలోకి లాగి, చొక్కా కత్తిరించి, బకెట్లతో నీళ్లు గుమ్మరించాం. తడి దుప్పటి కప్పి, అట్టలతో విసిరాం. తమ్ముడికి ఎవరూ చేయనివన్నీ చేశాను. ఒక్కటి కూడా మర్చిపోలేదు.

ఇంకాస్త ముందైతే బాగుండేది అన్నాడట డాక్టరు. ముందంటే ఎంత ముందో చెప్పలేదట.


24, మంగళవారం

ఓనరు వచ్చి అందరినీ నిలబెట్టి నా గురించి మాట్లాడాడు. చప్పట్లు కొట్టారు. కుట్లు వేసే వదిన నన్ను కావలించుకుని చెవిలో, "నీ తమ్ముణ్ణి అలా చేసినవాడిని నువ్వు బతికించావు. ఎంత మనసే నీది" అంది. బాయిలరు బాబాయి నా మొహంలోకి చూడలేకపోయాడు. నాకూ ఆయన మొహంలోకి చూడాలనిపించలేదు.

సాయంత్రం సూపర్‌వైజరు భార్య మా ఇంటికొచ్చింది. సన్నగా, నెమ్మదిగా ఉంది. నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు.

"మీరు వెంటనే చూశారు కాబట్టి మనిషి దక్కాడు. లేకపోతే ఏమయ్యేదో." మళ్లీ తనే, "కాకపోతే పేర్లు గుర్తు రావడం లేదండీ. పొద్దున చెంచా చూపించి, దీన్నేమంటారు అని నన్నే అడిగారు" అంది.

తమ్ముడే మాట్లాడాడు.

"వస్తాయండీ. నాకు దువ్వెన మొన్ననే వచ్చింది." తర్వాత అన్నాడు, "గ్లాసు సగమే నింపి ఇవ్వండి. ఒలికితే సిగ్గేస్తుంది."

ఆవిడ బుద్ధిగా తల ఊపింది. ఆ మాట కోసమే వచ్చినట్టు.


25, బుధవారం

వెంటనే వెళ్లాను.


26, గురువారం

పొడి 34. తడి 27. నిజం ఇరవై ఏడు. స్తంభం దగ్గరే, మామూలు నీళ్లే. గిన్నెలో వేలు ముంచి మళ్లీ మళ్లీ చూసుకున్నాను.

గాజు గది ఖాళీగా ఉంది. "ఎంతమ్మా" అని అడిగేవాళ్లు లేరు. నాకు నేనే పైకి చెప్పుకున్నాను.


27, శుక్రవారం

చప్పుడు విన్నాక ఆ వంకర దుప్పటిని సాపు చేశాను.

రాసేశాను. ఇక మిగతాది కూడా రాయాలి.

చప్పుడు దేనిదో నాకు తెలుసు. వినగానే తెలుసు. రెండు అంచులూ పట్టుకుని విదిలించి, మధ్యకి మడిచి, మళ్లీ మడిచి, అరచేత్తో నిమిరి దొంతర మీద పెట్టాను. పెద్ద దుప్పటి, ఒక్క మనిషికి లొంగదు, ఇద్దరు పట్టాలి. అయినా తీరిగ్గా పెట్టాను. దొంతర ఒక పక్కకి ఒరిగి ఉంటే సర్దాను. బోర్డు చూశాను, ముప్పై మూడే. రోలరు తిరుగుతూనే ఉంది. ఆయన దాని కాళ్ల దగ్గర పడి ఉన్నాడు, నాకు కనపడకపోయినా తెలుసు. ట్రాలీ కానివ్వండి అనుకున్నాను మనసులో. వదిన చెప్పిన మాటే, అచ్చంగా ఆ మాటే.

ఆ కాసేపూ నా కడుపు చల్లగా ఉంది. అది కూడా రాయాలి. తమ్ముడు పడ్డప్పటి నుంచి అంత చల్లగా ఎప్పుడూ లేదు. ఆ తర్వాతే చుట్టు తిరిగి వెళ్లాను.

ఎంతసేపు అంటే నాకు తెలియదు. బోర్డు మీద అది ఉండదు.


29, ఆదివారం

ఈరోజు తమ్ముడు బాగున్నాడు. తువ్వాలు తనే తడుపుకుని, వణికే చేతులతో తనే పిండుకున్నాడు. అమ్మ పక్కింటికి వెళ్లింది. నేను వాడి ఎదురుగా కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను.

"అక్కా, ఆయన ఎంతసేపు పడున్నాడు?"

ఓనరు అడగలేదు. ఆయన భార్య అడగలేదు. వదిన, బాబాయి, ఎవరూ అడగలేదు. చప్పట్లు కొట్టారు గానీ ఇది అడగలేదు.

నేను చేతిలో ఉన్న చొక్కా మడత పూర్తి చేసి, గుట్ట మీద పెట్టి, అప్పుడన్నాను.

"ఎంతసేపేంట్రా. వెంటనే ఎత్తాం."

వాడు నా చేతుల వైపు చూశాడు, ఆ చొక్కా వైపు చూశాడు. కోపంగా లేడు. అసలు వాడికి కోపం ఎలా పడాలో తెలియదు.

"ఊఁ," అన్నాడు. "నాకూ అలాగే చెప్పారు."

తర్వాత చెయ్యి చాపి, మెల్లగా, ఫ్యాను నావైపు తిప్పాడు.